దొంగనిద్రను పట్టలేని బ్యాండ్లు: పిల్లల నిద్ర కొలవడానికి ఏది కొనాలి, ఏది వద్దు

పోయిన వినాయక చవితికి మా కూకట్‌పల్లి సందులో మండపం సరిగ్గా మా కిటికీకి ఎదురుగా వేశారు. మూడో రోజు రాత్రి డీజే పన్నెండు దాకా ఆగలేదు. పొద్దున్నే బడి ఉంది కదా అని మా అమ్మాయిని (8 ఏళ్లు) పదింటికే లైటార్పి పడుకోబెట్టాను, తను దుప్పటి ముసుగేసుకుని కదలకుండా మెదలకుండా పడుకుంది, నేను పక్కనే పడుకుని నిద్రపోయిందనే అనుకున్నాను. పావు తక్కువ పన్నెండుకి ముసుగులోంచి చల్లగా "అమ్మా, ఇదే పాట ఐదోసారి వేస్తున్నారు" అంది. పొద్దున చేతి బ్యాండ్ తాలూకు యాప్ తెరిచి చూస్తే, పిల్ల 10:05కి నిద్రపోయింది, మొత్తం 8 గంటల 11 నిమిషాలు, స్కోరు 84, పక్కన నవ్వుతున్న చందమామ బొమ్మ. ఐదుసార్లు పాట లెక్కపెట్టిన టైములో "గాఢ నిద్ర" అని నీలం రంగు గీత కూడా ఉంది.

మా అత్తయ్య ఒక్క ముక్కలో తేల్చేశారు: "దొంగనిద్రని దొంగనిద్ర అని కనిపెట్టలేనిది నిద్రనేం కొలుస్తుందే?" ఆ మాట పట్టుకుని నాలుగు నెలలు బ్యాండ్లు, వాచీలు, నోటుబుక్కు అన్నీ పక్కపక్కన పెట్టి చూశాను, దొరికినంత చదివాను. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వారానికొకరు "పాపకి ఏ బ్యాండ్ కొనమంటారు" అని అడుగుతుంటారు కాబట్టి అదంతా ఒకచోట రాసేస్తున్నా.

ముందు అది కొలిచేదేమిటో చూద్దాం. బ్యాండ్‌కి నిద్ర తెలీదు, కదలిక తెలుసు. లోపల యాక్సిలరోమీటర్ అనే చిన్న చిప్ ఉంటుంది, చెయ్యి ఊగితే నమోదు చేస్తుంది. కాసేపు ఊగకపోతే "నిద్ర", ఊగితే "మెలకువ". కాస్త ఖరీదైనవాటిలో అడుగున పచ్చ లైటు ఒకటి చర్మంలోకి కొట్టి, నెత్తురు పారే తీరునుంచి గుండె వేగం లెక్కగట్టి, రెండూ కలిపి ఊహిస్తుంది. ఆస్పత్రిలో చేసే అసలు పరీక్ష, పాలీసోమ్నోగ్రఫీ అంటారు కదా, అందులో తలకి వైర్లు అంటించి మెదడు తరంగాలు చూస్తారు, కళ్ల కదలిక, గడ్డం దగ్గర కండరం బిగువు, ముక్కులో గాలి, ఛాతీ పొట్ట కదలిక, ఆక్సిజన్ అన్నీ చూస్తారు. నిద్ర జరిగేది మెదడులో. మణికట్టు దగ్గర కూర్చుని మెదడులో ఏం జరుగుతోందో చెప్పడమంటే, గేటు దగ్గర వాచ్‌మన్ నాలుగో అంతస్తు ఇంట్లో ఏం వండుతున్నారో చెప్పినట్టు. ఒక్కోసారి వాసన బట్టి కరెక్టుగానే చెప్తాడు, అది వేరే సంగతి.

ఇక డబ్బా మీద "90 శాతం ఖచ్చితం" అని రాసి ఉంటే దాంట్లో ఒక తిరకాసు ఉంది, ఇది అర్థమైతే సగం డబ్బు మిగిలినట్టే. పిల్ల రాత్రి 9 గంటలు, అంటే 540 నిమిషాలు మంచం మీద ఉంది అనుకోండి. అందులో 60 నిమిషాలు మెలకువగా ఉంది. ఇప్పుడు బ్యాండ్ బదులు ఓ చీటీ మీద "రాత్రంతా నిద్రపోయింది" అని రాసి చేతికి కట్టండి. ఆ చీటీ 480 నిమిషాల విషయంలో నిజమే చెప్పింది, అంటే 89 శాతం ఖచ్చితం! రూపాయి ఖర్చు లేదు. కాబట్టి కంపెనీని అడగాల్సింది "నిద్రని ఎంత బాగా పడుతుంది" అని కాదు, "మెలకువని ఎంత బాగా పడుతుంది" అని. పిల్లల విషయంలో ఇన్నేళ్ల పరిశోధనలన్నీ తిరిగి తిరిగి చెప్పేది ఇదే: కదలికతో లెక్కగట్టే పరికరాలు నిద్రని బాగానే పడతాయి, మధ్యలో మెలకువని పట్టడంలో తేలిపోతాయి. పరిశోధకులు వాడే యాక్టిగ్రాఫ్ అనే ఖరీదైన చేతి పరికరాలకి కూడా ఇదే రోగం.

ఒక ఉదాహరణ చెప్తా. 2015లో అచ్చయిన ఒక అధ్యయనంలో 3 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లలు 63 మందికి ఒకే రాత్రి ఆస్పత్రి పరీక్షా, చేతికి ఫిట్‌బిట్ అల్ట్రా బ్యాండూ రెండూ పెట్టి పోల్చారు. మామూలు మోడ్‌లో బ్యాండ్ సగటున 41 నిమిషాల నిద్ర ఎక్కువ చూపించింది. నిజంగా మెలకువగా ఉన్న సమయంలో సుమారు సగమే పట్టుకుంది. పోనీ అని చిన్న కదలికని కూడా మెలకువగా లెక్కేసే సెన్సిటివ్ మోడ్‌లో పెడితే 105 నిమిషాలు తక్కువ చూపించింది. అదే చెయ్యి, అదే రాత్రి, సెట్టింగ్ ఒకటి మార్చితే రెండున్నర గంటల తేడా! ఆ మోడల్ పాతది, ఇప్పుడు గుండె వేగం కలిపాక కొంత మెరుగుపడ్డాయి, కాదనను, కానీ మెలకువ దగ్గర బలహీనత మాత్రం పోలేదు.

ఇది కూడా గమనించండి, ఈ తప్పు అందరి పిల్లల మీదా ఒకేలా ఉండదు. హాయిగా నిద్రపోయే పిల్లల దగ్గర బ్యాండ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ పట్టాల్సిన మెలకువే లేదు. రాత్రి గంటలకొద్దీ పైకప్పు చూస్తూ పడుకునే పిల్ల దగ్గరే బోల్తా కొడుతుంది. అంటే ఎవరికి అవసరమో వాళ్ళకే పనికిరాదు.

గాఢ నిద్ర, కలల నిద్ర అని రంగురంగుల పట్టీలు చూపిస్తాయి కదా, వాటిని పిల్లల విషయంలో అసలు చూడొద్దనే నా సలహా. ఆ లెక్కలు చాలావరకు పెద్దవాళ్ళ డేటాతో తయారైనవి. పిల్లల గుండె వేగం వేరు, ఊపిరితో పాటు అది ఎక్కువా తక్కువా అయ్యే తీరు వేరు, గాఢ నిద్ర వాటా పెద్దవాళ్ళకంటే ఎక్కువ. చంటిపిల్లల్లోనైతే నిద్రలో దాదాపు సగం కలల నిద్రే, ఆ టైములో వాళ్ళు మూతి కదుపుతారు, కాళ్ళు తన్నుతారు, మూలుగుతారు. మనవాళ్ళు దేవుడు నవ్విస్తున్నాడు అనేది అప్పుడే. బ్యాండ్ దాన్ని మెలకువ అని రాసుకుంటుంది. "మా వాడికి గాఢ నిద్ర 40 నిమిషాలే వస్తోంది" అని టెన్షన్ పడి డాక్టర్ దగ్గరికి పరిగెత్తిన వాళ్ళు మా బ్లాక్‌లోనే ఇద్దరున్నారు.

సరే, ఎంపికల దగ్గరికి వద్దాం. మొదటిది, నాకు ఇష్టమైనది, అందరూ చప్పరించేసేది: నోటుబుక్కు. లైటార్పిన టైము, నిద్రపోయిందనుకున్న టైము, రాత్రి లేచిందా, పొద్దున దానంతటదే లేచిందా లేక మనం లేపితే లేచిందా, పగలు కునుకు తీసిందా. ఐదే ఐదు గళ్ళు. దీని లోపం కూడా చెప్పాలి: మనకి తెలిసేది మనం చూసిందే. పిల్ల అర్ధరాత్రి లేచి చప్పుడు చెయ్యకుండా పడుకుంటే మనకి తెలీదు, అందుకే తల్లిదండ్రుల లెక్క కూడా ఎక్కువ వైపే మొగ్గుతుంది. అయితే నోటుబుక్కులో ఉండేది, ఏ యాప్‌లోనూ లేనిది ఒకటుంది: పిల్లనే అడగొచ్చు. ఆరేడేళ్లు దాటితే "రాత్రి నిద్ర పట్టడానికి చాలాసేపు పట్టిందా?" అంటే చెప్తారు. మా అమ్మాయి చెప్పిందీ, బ్యాండ్ చెప్పిందీ వేరైన రాత్రుల్లో నేను అమ్మాయినే నమ్మడం మొదలుపెట్టాను.

రెండోది, గుండె వేగం కొలవని మామూలు పిల్లల బ్యాండ్ లేదా మన మార్కెట్లో రెండు మూడు వేలకి దొరికే పెద్దవాళ్ళ బ్యాండ్. ఇది బాగా చేసే పని ఒకటుంది: ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, రోజూ ఒకే వేళకా కాదా. ఇది చిన్న విషయమేం కాదు. మా ఇంట్లో ఇదే అసలు సంగతి బయటపెట్టింది. శని, ఆదివారాలు పడుకునే వేళ గంటన్నర ఆలస్యమవుతోంది, సోమవారం పొద్దున బస్సు 7:10కి, ఆదివారం రాత్రి పదిన్నరైనా నిద్ర రాదు, సోమవారం బడిలో ఆవులింతలు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఇంకా దారుణం, లేవాల్సిన వేళ ముందుకొచ్చింది, పడుకునే వేళ అక్కడే ఉండిపోయింది. ఇది నోటుబుక్కులో కూడా కనిపించేదే, కానీ వరుసగా నెల రోజులు రాసే ఓపిక ఎవరికుంది, బ్యాండ్ దానంతటదే రాసేస్తుంది. ఒక రాత్రి లెక్క చూసి ఏదీ తేల్చకండి, కనీసం ఐదు రాత్రులు, వీలైతే రెండు వారాలు, బడి రోజులూ సెలవు రోజులూ విడివిడిగా చూడండి.

మూడోది గుండె వేగం, ఆక్సిజన్ కొలిచే స్మార్ట్‌వాచ్. పెద్దవాళ్ళకైతే బ్యాండ్ కంటే మెరుగే. పిల్లల దగ్గర అసలు ఇబ్బంది పట్టీ. ఎనిమిదేళ్ల పిల్ల మణికట్టుకి పెద్దవాళ్ళ వాచీ చివరి రంధ్రంలో పెట్టినా వదులుగానే ఉంటుంది, అడుగు లైటు చర్మానికి ఆనదు, ఇక గుండె వేగం ఏం కొలుస్తుంది. బిగిస్తే ఎండాకాలం చెమటకి దద్దుర్లు. రోజూ ఛార్జింగ్ పెట్టాలి, మర్చిపోతాం. పైగా వీటిలో వచ్చే హెచ్చరికలు పిల్లలకి ఉద్దేశించినవి కావు: 2024లో యాపిల్ వాచీలో వచ్చిన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం) హెచ్చరిక 18 ఏళ్లు నిండినవాళ్ళకి, శామ్‌సంగ్‌లోది 22 ఏళ్లు నిండినవాళ్ళకి. "మా వాడికి వాచీలో ఏమీ చూపించలేదు, బాగానే ఉన్నాడు" అని ఊరుకోవడం అందుకే ప్రమాదం. వాచీ వాడి గురించి చూడనేలేదు. ఇంటర్ చదివే పిల్లలకి, మణికట్టు నిండుగా ఉంటే, అప్పుడు ఆలోచించొచ్చు.

నిద్ర కొలిచే ఉంగరాలు వద్దు. వేలు పెరుగుతుంది, ఉంగరం పెరగదు.

ఫోన్ యాప్‌లు, పరుపు కింద పెట్టే మ్యాట్‌లు ఉన్నాయి. ఫోన్ దిండు పక్కన పెడితే మంచం కదలిక బట్టి లెక్కగట్టేవి, వీటిని పిల్లల విషయంలో నేనైతే లెక్కలోకే తీసుకోను. మన ఇళ్ళలో పిల్ల ఎక్కడ పడుకుంటుంది? అమ్మా నాన్నల మధ్య, లేదా నానమ్మ పక్కన. మ్యాట్‌కి తెలిసేది పరుపు కదలిక, అది పిల్లదో నానమ్మదో దానికేం తెలుసు. మా ఇంట్లో తెచ్చి పెడితే రెండు రాత్రులు "11 సార్లు మెలకువ" అని చూపించింది. ఆ పదకొండూ మా ఆయనవి. పిల్లకి విడిగా గది, విడిగా మంచం ఉన్నవాళ్ళకి మ్యాట్ ఒక దారే, చేతికి ఏదీ కట్టుకోనని మొండికేసే పిల్లలకి మరీను.

ఉయ్యాల సంగతి ఇక్కడే చెప్పాలి. మా ఆడపడుచు కొడుక్కి పది నెలలు, చీర ఉయ్యాలలో తప్ప పడుకోడు. కాలికి బ్యాండ్ కట్టి చూశాం. వాడు గురక పెట్టి నిద్రపోతున్నాడు, వాళ్ళ తాతయ్య ఊపుతున్నారు, బ్యాండ్ "మెలకువ, మెలకువ" అని రాసుకుంటోంది. ఊపు ఆపగానే "నిద్ర" అంది, అప్పుడే వాడు లేచి ఏడుపు అందుకున్నాడు. చేతుల మీద ఊపినా, కారులో పడుకున్నా, ప్రామ్‌లో తిప్పినా ఇదే గోల. బయటి ఊపునీ లోపలి కదలికనీ అది వేరుచెయ్యలేదు.

చంటిపిల్లల కాలికి తొడిగే సాక్సుల గురించి అమెరికాలో ఉన్న అన్నయ్యలు, వదినలు చెప్తుంటారు, ఎవరో ఒకరు సూట్‌కేసులో తెస్తారు కూడా. ఆక్సిజన్, గుండె వేగం చూసి ఫోన్‌కి అలారం కొడతాయి. వీటి చరిత్ర తెలుసుకుని తెప్పించుకోండి. 2021 అక్టోబరులో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, ఈ సాక్సులు అమ్మే ఔలెట్ అనే కంపెనీకి, అనుమతి లేకుండా వైద్య పరికరంలా అమ్ముతున్నారని హెచ్చరిక లేఖ రాసింది. తర్వాత అదే కంపెనీ డ్రీమ్ సాక్ అనేదానికి 2023 నవంబరులో అనుమతి వచ్చింది. అయినా అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2022లో చెప్పిన మాట అలాగే ఉంది: ఇలాంటి మానిటర్లు నిద్రలో శిశు మరణాన్ని ఆపుతాయని నమ్మి వాడొద్దు. వెల్లకిలా పడుకోబెట్టడం, గట్టి పరుపు, మొహం దగ్గర దిండ్లూ బొంతలూ లేకుండా చూడటం, వీటికి సాక్సు బదులు కాదు. ఇంకొకటి, చిన్న బటన్ బ్యాటరీతో నడిచే ఏ బ్యాండూ నాలుగేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో వదిలెయ్యకండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు.

ఇవన్నీ పక్కనపెట్టి నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళున్నారు, వాళ్ళకి బ్యాండ్ కొనడం అంటే టైము వేస్టు. పిల్ల వారంలో మూడు రాత్రులు గానీ అంతకు మించి గానీ గురక పెడుతుందా, నోరు తెరుచుకుని పడుకుంటుందా, మధ్యలో ఊపిరి ఆగి ఒక్కసారి ఎగపీల్చినట్టు అవుతుందా, మెడ వెనక్కి విరిచి పడుకుంటుందా, ఫ్యాన్ తిరుగుతున్నా చెమటతో తడిసిపోతుందా, మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలైందా? చాలామంది ఇళ్ళలో గురకని "అబ్బ, ఎంత హాయిగా మొద్దు నిద్ర పోతున్నాడో" అని మురిసిపోతారు. అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే గ్రంథులు), టాన్సిల్స్ వాచి గాలి దారి ఇరుకైతే పిల్లల్లో ఇలా అవుతుంది, రెండు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఎక్కువ. పైగా నిద్ర చాలని పిల్లలు పెద్దవాళ్ళలా తూగరు, ఎగిరి గంతులేస్తారు, చిరాకు పడతారు, బడిలో కుదురుగా కూర్చోరు, టీచర్ "అల్లరి ఎక్కువైంది" అని డైరీలో రాసి పంపుతుంది.

ఇక్కడ బ్యాండ్ ఆక్సిజన్ అంకె చూసి మోసపోవద్దు. ఊపిరి అడ్డుపడి నిద్ర చెదిరినా పిల్లల్లో ఆక్సిజన్ పెద్దగా పడకపోవచ్చు, కాబట్టి అంకె బాగుందంటే జబ్బు లేదని కాదు. అంతకంటే ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీయండి, చొక్కా గుండీలు విప్పి ఛాతీ కనిపించేలా, శబ్దం వినపడేలా. ఈఎన్‌టీ డాక్టర్‌కి బ్యాండ్ గ్రాఫ్ నెల రోజులది చూపిస్తే పక్కన పెట్టారు, వీడియో మాత్రం రెండుసార్లు చూశారు. రాత్రి కాళ్ళు లాగుతున్నాయని, గుంజుతున్నాయని అంటే ఐరన్ తక్కువేమో చూడమని అడగండి, గుదం దగ్గర దురదతో లేస్తుంటే నులిపురుగులు. ఇవేవీ ఏ యాప్ చెప్పదు.

డాక్టర్ స్లీప్ స్టడీ, అంటే పైన చెప్పిన పాలీసోమ్నోగ్రఫీ, రాస్తే హైదరాబాద్‌లో పెద్ద ఆస్పత్రుల్లో చేస్తారు, కానీ ముందే ఫోన్ చేసి మూడు అడగండి: ఈ వయసు పిల్లలకి చేస్తారా, తల్లి పక్కన పడుకోవచ్చా, రిపోర్టు పిల్లల లెక్కల ప్రకారం ఇస్తారా. మూడోది ముఖ్యం. పెద్దవాళ్ళలో గంటకి ఐదుసార్లలోపు ఊపిరి అడ్డుపడితే మామూలే అంటారు, పిల్లల్లో గంటకి ఒకసారి దాటితేనే ఆలోచించాలి. పెద్దవాళ్ళ కొలతతో చూస్తే జబ్బున్న పిల్ల కూడా నార్మల్ అని బయటికొస్తుంది.

ఇంతకీ ఎన్ని గంటలు కావాలి? అమెరికా స్లీప్ మెడిసిన్ అకాడమీ 2016లో ఇచ్చిన లెక్క ఇది: 4 నుంచి 12 నెలలవాళ్ళకి 12-16 గంటలు, ఏడాది రెండేళ్లవాళ్ళకి 11-14, మూడు నుంచి ఐదేళ్లకి 10-13 (ఇందాకటివన్నీ పగటి కునుకులు కలిపి), ఆరు నుంచి పన్నెండుకి 9-12, టీనేజ్‌లో 8-10. బ్యాండ్ 8:50 చూపించిందని పది నిమిషాల కోసం పిల్లని సాధించకండి, దాని తప్పే అంతకు నాలుగు రెట్లుంది. స్కోరు పిల్లకి చూపించకపోవడం ఇంకా మంచిది. మా అమ్మాయి ఒకరోజు "నాకు నిన్న 61 వచ్చింది, ఈరోజు పరీక్ష బాగా రాయలేనేమో" అంది. ఆ రోజే యాప్ తన టాబ్‌లోంచి తీసేశాను. స్కోరు కోసం నిద్ర పాడుచేసుకునే ఈ జబ్బుకి 2017లో ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు.

డేటా గురించి ఒక్క మాట. మన దేశపు 2023 డేటా చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే, వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. పిల్ల వయసు ఎక్కువ వేసి అకౌంట్ తెరిస్తే ఆ రక్షణ మనమే వదులుకున్నట్టు. పైగా లెక్క కూడా పెద్దవాళ్ళదే వేస్తుంది.

కాబట్టి నా ఎంపిక ఇది. మూడేళ్లలోపు ఏదీ వద్దు, నోటుబుక్కు చాలు. మూడు నుంచి ఆరేడు దాకా కూడా నోటుబుక్కే, అనుమానం ఉంటే వీడియో. ఏడు దాటాక, పడుకునే వేళలు సరిచెయ్యాలనుకుంటే చిన్న పట్టీ ఉన్న చవక బ్యాండ్, ఒక నెల. నిద్ర పట్టట్లేదు, మధ్యలో లేస్తోంది అనేదే మీ బాధ అయితే ఏ ధరలోనూ ఏదీ కొనకండి, ఎందుకో పైన చెప్పాను.

కొంటే మాత్రం తిరిగిచ్చే గడువు ఉన్నచోట కొని, పిల్లకి కట్టకముందు మీరే రెండు పరీక్షలు పెట్టండి. ఒక రాత్రి మీ చేతికి కట్టుకుని, లైటార్పి, గంటసేపు కదలకుండా కళ్ళు తెరుచుకుని పడుకోండి, పొద్దున ఆ గంటని ఏమని రాసిందో చూడండి. ఇంకో రాత్రి దాన్ని బల్ల మీద వదిలెయ్యండి. మేం కొన్న మొదటిది బల్ల మీద 6 గంటల 20 నిమిషాలు హాయిగా నిద్రపోయింది, అందులో గంట కలల నిద్ర. అది వెనక్కి పంపేశాం. రెండోది బల్ల పరీక్ష పాసైంది, దొంగనిద్రలో అది కూడా ఫెయిలే, కానీ పడుకునే వేళ కోసమే కాబట్టి ఉంచుకున్నాం. పట్టీకి మాత్రం అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి తీసుకెళ్ళి ఇంకో రెండు రంధ్రాలు పొడిపించాల్సి వచ్చింది.